నిద్రకి సీసా, మతికి డబ్బా

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్న పెద్దవాళ్లు మా రెంటచింతలలో ఒక్క మే నెల కూడా గడిపి ఉండరు. ఎండల వార్తలు మొదలైతే టీవీలో ముందు వినపడే పేర్లలో మా ఊరిది ఒకటి. 45, 46 డిగ్రీలంటే మాకు వింతేమీ కాదు. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని మన మీదకే వదులుతూ ఉంటుంది. మేడ మీద మంచాలు వేసుకుంటే దోమలు, కింద పడుకుంటే ఉక్క, కరెంటు పోతే రెండూ. మనిషికి నిద్ర పట్టాలంటే ఒంట్లో వేడి కాస్త దిగాలి, అది శరీరధర్మం. గాలే చల్లబడనప్పుడు ఒళ్లెట్లా చల్లబడుతుంది? అందుకని ఈ ఊళ్లో ఎవరైనా నిద్ర పట్టడం లేదంటే ముందు అడగాల్సింది "ఏ గదిలో పడుకుంటున్నావు?" అని. ఎవరూ అడగరు. "ఏం వాడుతున్నావు?" అంటారు.

ఈ "ఏం వాడుతున్నావు" మీదే నా గొడవంతా. ఇదివరకు పెళ్లిళ్లలో నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే చీరల గురించో కోడళ్ల గురించో మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు నిద్రకి అశ్వగంధ, జ్ఞాపకశక్తికి బ్రహ్మి, అమెరికా నుంచి వచ్చిన బంకబిళ్లలు, చేప నూనె మాత్రలు. ఎవరి ఫ్రిజ్ మీద ఎన్ని డబ్బాలుంటే వాళ్లకి అంత ఆరోగ్య స్పృహ ఉన్నట్టు. నాకు తెలిసినంతలో ఈ డబ్బాల్లో ఎక్కువ భాగం మందులు కావు. ఇంట్లో మనం చెయ్యాల్సిన పనులు చెయ్యకుండా, వాటికి బదులు కట్టే డబ్బులు.

మందులు కావన్నది నా మాట కూడా కాదు, డబ్బా మీదే ఉంటుంది. మన దేశంలో ఇట్లాంటి వాటి మీద "ఔషధ వినియోగం కోసం కాదు" అనే అర్థం వచ్చే మాట ఇంగ్లీషులో అచ్చువెయ్యాలని నిబంధన. వేస్తారు, చీమ తలకాయంత అక్షరాల్లో. ముందువైపు మాత్రం వెలుగులు చిమ్మే మెదడు బొమ్మ. అసలు 1954 నాటి చట్టం ఒకటుంది, మెదడు జబ్బులు నయం చేస్తామని మందులకి ప్రకటనలు ఇవ్వకూడదని అందులో స్పష్టంగా ఉంది. అందుకే వాళ్లు "నయం" అనరు, "మద్దతు ఇస్తుంది" అంటారు. డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కదా, ఈ "మద్దతు" దగ్గర నా బుర్ర ఆగిపోతుంది. ఏ కర్త, ఏ కర్మకి, ఏ మేరకు మద్దతు?

మా మరిది డల్లాస్‌లో ఉంటాడు. మంచివాడు, తల్లంటే ప్రాణం. వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో సగం సీసాలే. పోయినసారి మా అత్తగారికి మెలటోనిన్ బంకబిళ్లలు తెచ్చాడు. "వదినా, ఇవి సహజమైనవి, మన ఒంట్లో ఉండేదే" అన్నాడు. ఒంట్లో ఉండేదన్న మాట నిజమే. చీకటి పడగానే మెదడులోని చిన్న గ్రంథి దాన్ని విడుదల చేస్తుంది, "రాత్రయింది" అని ఒంటికి కబురు పెడుతుంది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు ఆవుల గ్రంథుల నుంచి దీన్ని తీశాడు. అంటే ఇది రాత్రయిందని చాటే దండోరా మాత్రమే, మనిషిని పడుకోబెట్టే మత్తు కాదు. విమానమెక్కి పగలు రాత్రి తారుమారైన వాళ్లకి పనికొస్తుంది. రాత్రి పదకొండింటి దాకా సీరియళ్ల వెలుగులో కూర్చుని, మధ్యాహ్నం రెండు గంటలు కునుకు తీసే మనిషికి ఈ దండోరా వినపడదు.

అదీగాక ఆ బిళ్లలో ఎంత ఉందో ఎవరికి తెలుసు? అమెరికాలో 1994 నుంచీ ఇట్లాంటివి ఆహారం కింద అమ్ముకోవచ్చు, మందుల్లాగా ముందే రుజువులు చూపించనక్కర్లేదు. 2023లో అక్కడి పరిశోధకులు 25 రకాల మెలటోనిన్ బంకబిళ్లలు కొని పరీక్షిస్తే 22 రకాల్లో చీటీ మీద రాసినదానికి, లోపల ఉన్నదానికి పొంతన లేదు. ఒకదాంట్లో మూడింతలు పైగా ఉంది. ఒకదాంట్లో అసలు మెలటోనినే లేదు, గంజాయి మొక్క నుంచి తీసే ఇంకో పదార్థం ఉంది. మా మరిదికి ఈ సంగతి చెబితే "నేను తెచ్చింది మంచి కంపెనీది వదినా" అన్నాడు. అందరూ మంచి కంపెనీదే కొంటారు.

ఇంతకీ మా అత్తగారి సంగతి. ఆమెకి డెబ్భై దాటాయి. రెండేళ్ల క్రితం మరుపు మొదలైంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వెయ్యడం, పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం, నన్ను పిలవబోయి మా తోడికోడలి పేరు పిలవడం. కాళ్లు తిమ్మిర్లంటుంది, నడిస్తే తూలుతుంది. మా ఆయనేమో "వయసు" అని తేల్చేశాడు. మా ఆడపడుచు ఫోన్‌లో ఒక "మెదడు పొడి" ప్రకటన చూసి మూడు నెలల కోర్సుకి ఆర్డరు పెట్టబోయింది. దాని ఖరీదు మా ఇంట్లో నెల సరుకుల ఖర్చుకి దగ్గరగా ఉంది. నేను వద్దన్నాను. మాటా మాటా పెరిగింది. "మా అమ్మకి ఖర్చు పెట్టడం నీకిష్టం లేదులే" అనే దాకా వెళ్లింది. కోడలు ఏది వద్దన్నా దానికి అర్థం అదే కదా.

నరసరావుపేట తీసుకెళ్లాం. అక్కడి డాక్టరుగారు ఆమెని అడిగింది తక్కువ, నన్ను అడిగింది ఎక్కువ. షుగరు మాత్రలు ఎన్నాళ్లుగా? పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్. మాంసం, గుడ్డు తింటుందా? మామగారు పోయిన దగ్గర్నుంచీ మానేసింది. చెవులు వినపడుతున్నాయా? నిద్ర కోసం ఏమైనా వేసుకుంటోందా? ఆ చివరి ప్రశ్నకి నేను సంచిలోంచి తీసి చూపించాను, దురదకీ జలుబుకీ వాడే మాత్ర. మత్తుగా ఉండి నిద్రపడుతుందని ఎవరో చెబితే రోజూ రాత్రి వేసుకుంటోంది. ఆ రకం పాత అలెర్జీ మాత్రలు ముసలివాళ్లలో మతిని మసకబారుస్తాయట. ముందు అది మాన్పించారు. థైరాయిడ్, బి12 పరీక్షలు రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది. బి12 అడుగంటింది.

బి12 శాకాహారంలో, పాలు పెరుగుల్లో తప్ప దాదాపు దొరకదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఉన్నది కూడా ఒంటికి పట్టడం తగ్గుతుంది. అది తగ్గితే తిమ్మిర్లు, తూలడం, మరుపు, చిరాకు అన్నీ వస్తాయి. చూసేవాళ్లకి మతిమరుపు జబ్బులాగే ఉంటుంది. తేడా ఏమిటంటే దీన్ని త్వరగా పట్టుకుంటే చాలావరకు వెనక్కి తీసుకురావచ్చు. ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది. బజారులో దొరికే బలం మాత్రల్లో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో అమెరికాలో తయారుచేసిన గొప్ప పదార్థమది, ఎందరో తల్లులకీ బిడ్డలకీ అక్కరకొచ్చింది. కానీ బి12 లేని మనిషికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటాయి. మంచి పదార్థమే తప్పు మనిషికి చేరితే ఇంత పని చేస్తుంది.

సూదులు వేశారు, తర్వాత మాత్రలు. నాలుగైదు నెలలకి తూలడం తగ్గింది, పాలు పొంగకుండా దించుతోంది. పేర్లు ఇప్పటికీ తడబడతాయి. అంతా పోయిందని నేను చెప్పను. అసలు మతిమరుపు జబ్బు తర్వాతైనా రాదనీ చెప్పలేను. దేశంలో అరవై దాటినవాళ్లలో 88 లక్షల మంది దానితో ఉన్నారని 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా. అందులో మా ఇంటి వాటా ఉంటుందో ఉండదో కాలమే చెప్పాలి. కానీ ఆ మూడు నెలలూ పొడి కలిపి తాగిస్తూ కూర్చుంటే ఏమయ్యేదో నాకు తెలుసు. సీసా చేసే పెద్ద హాని కడుపులో కాదు, క్యాలెండరులో.

మెదడు మందులమని పేరు మోసినవాటి చరిత్ర కూడా కాస్త చూడండి. జింకో ఆకు సారాన్ని 75 ఏళ్లు దాటిన మూడు వేల మందికి పైగా అమెరికన్లలో ఏళ్ల తరబడి పరీక్షించారు. సగం మందికి ఆకు, సగం మందికి ఉత్త బిళ్ల. 2008లో ఫలితాలొచ్చాయి, మతిమరుపు జబ్బు రావడంలో ఆకు వల్ల తగ్గిందేమీ లేదు. అయినా ఇవాళ్టికీ అమ్ముతూనే ఉన్నారు. జెల్లీ చేపలో ఉండే మాంసకృత్తుతో చేసిన ప్రివాజెన్ అనే బిళ్ల మీద 2017లో అక్కడి ప్రభుత్వ సంస్థలే కోర్టుకెక్కాయి. జ్ఞాపకశక్తి పెంచుతుందన్న ప్రచారం ఆపమని కోర్టు ఆదేశం రావడానికి 2024 చివరి దాకా పట్టింది. ఏడేళ్లలో ఎన్ని డబ్బాలు ఖాళీ అయ్యాయో.

మన ఆకుల్ని నేను తీసిపారెయ్యను. సరస్వతి ఆకు మా పెరట్లో తొట్టిలో ఉంది, పప్పులో వేస్తాను, పచ్చడి చేస్తాను. బ్రహ్మి పేరు చెప్పి బజారులో రెండు వేరువేరు మొక్కలు అమ్ముతారని చాలామందికి తెలియదు. ఒకటి ఈ సరస్వతి ఆకు, రెండోది నీటి బ్రహ్మి. రెండో దాని మీద లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ చాలా కాలం పనిచేసింది, చిన్న చిన్న పరీక్షల్లో జ్ఞాపకశక్తికి కొద్దిపాటి మేలు కనపడింది కూడా. కొద్దిపాటి మేలు అంటే కొద్దిపాటి మేలే, తాతగారు మళ్లీ అష్టావధానం చేస్తారని కాదు. అశ్వగంధ నిద్రకి కాస్త పనికొస్తుందని కూడా ఇట్లాంటి పరీక్షలే చెప్పాయి. అదే అశ్వగంధతో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలు నమోదయ్యాయి, 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది కూడా. థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా వేసుకోకూడదు. ఇక వస. ఎక్కువ మాట్లాడేవాళ్లని వసపిట్ట అంటాం, "చిన్నప్పుడు వస పోశారా" అంటాం. భాషలో ఉంటే నాకు ముద్దే. చంటిపిల్లల నాలుక మీద మాత్రం వద్దు. దానిలోని ఒక పదార్థం ఎలుకల్లో క్యాన్సరు తెచ్చిందని అమెరికా 1968లోనే తిండి వస్తువుల్లో వాడకూడదంది. పిల్లలు వినడం వల్ల మాట నేరుస్తారు, వేరు నాకడం వల్ల కాదు.

నిద్రమాత్రల సంగతికొస్తే నాకు నవ్వు రాదు. అల్ప్రాజోలం చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది పుస్తకంలో రాయాలి. రాస్తున్నారా లేదా మీ వీధి మందుల షాపు చూసి మీరే చెప్పండి. మొదట్లో ఒకటి, ఆర్నెల్లకి ఒకటిన్నర, తర్వాత అది లేకుండా పగలు కూడా చేతులు వణకడం. ముసలివాళ్లయితే రాత్రి బాత్రూముకి లేచి పడి తుంటి విరగ్గొట్టుకోవడం. దీని అలవాటు ఎంత గట్టిదో తెలంగాణలో 2015లో బయటపడింది. కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం కలిపి అమ్ముతున్నారని ప్రభుత్వం దాడులు చేసి ఆపించింది. ఆ కల్లుకి అలవాటుపడ్డ నిజామాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల జనం వందల మంది పిచ్చిచూపులతో, వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకి వచ్చిపడ్డారు. వాళ్లు తాగింది కల్లనే అనుకున్నారు. అందుకే ఏళ్లుగా వేసుకునేవాళ్లు ఇది చదివి రేపే మానెయ్యకండి. డాక్టరు చెప్పినట్టు వారం వారం కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

ఇక "కొత్త చికిత్స", "ప్రయోగాత్మక చికిత్స" అనే మాటలు. ఈ మాటలు హైదరాబాద్ హోర్డింగుల మీద చూస్తే ఆశ పుడుతుందేమో గాని, పల్నాడు ఆడవాళ్లకి ఒక పాత జ్ఞాపకం ఉండాలి. 2011లో మన పిడుగురాళ్ల నుంచి పేద ఆడవాళ్లని నాలుగు వేల రూపాయలో ఎంతో ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి, క్యాన్సరు మందు వాళ్ల మీద పరీక్షించారని పత్రికల్లో గగ్గోలైంది. కొందరు జబ్బుపడి తిరిగొచ్చారు. ఏం మింగారో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో వాళ్లకి తెలియదు. అందుకని ప్రయోగాలే వద్దంటానా? అనను. ప్రయోగం లేకుండా ఏ మందూ రాదు. నిజమైన ప్రయోగం ఎట్లా ఉంటుందో తెలుసుకోమంటాను. 2009 నుంచి మన దేశంలో ప్రతి మందుల ప్రయోగాన్నీ ప్రభుత్వ రిజిస్ట్రీలో ముందే నమోదు చెయ్యాలి. మనకి అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. హాని జరిగితే వైద్యం, పరిహారం వాళ్లదే. అన్నిటికన్నా ముఖ్యం, ప్రయోగం పేరుతో మన దగ్గర లక్షలు వసూలు చెయ్యకూడదు. మూలకణాలతో మతిమరుపు, పక్షవాతం, ఆటిజం నయం చేస్తామనేవాళ్లు ఈ చివరి మెట్టు దగ్గరే దొరికిపోతారు. రక్తసంబంధ జబ్బుల్లో చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప మిగతావన్నీ ఇంకా పరిశోధనలోనే ఉన్నాయని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో రాసింది. పరిశోధన అయితే డబ్బులెందుకు, వైద్యమైతే రుజువులేవి అని అడగండి.

నిజాయితీగా పరీక్షలన్నీ దాటి వచ్చిన మందు కూడా ఎంత చేస్తుందో చూడండి. 2023లో అమెరికా అనుమతించిన లెకానెమాబ్ ఈ తరంలో పెద్ద అడుగన్నారు. పరీక్షల్లో దాన్ని రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కించారు. పద్దెనిమిది నెలల తర్వాత, ఉత్త మందు ఎక్కించుకున్నవాళ్ల కన్నా క్షీణత 27 శాతం తక్కువ. పద్దెనిమిది మార్కుల కొలతలో ఆ తేడా అర మార్కు కన్నా తక్కువ. ఎనిమిదిమందిలో ఒకరికి మెదడులో వాపు కనపడింది. ఎంతో కొంత మేలే, కాదనను. వేల కోట్లు, వందల మంది శాస్త్రవేత్తలు కలిసి అర మార్కు తెస్తే, వాట్సాప్‌లో వచ్చిన పొడి మొత్తం మార్కులు తెస్తుందని ఎట్లా నమ్మడం?

నాకు బాగా నచ్చిన పరిశోధన మాత్రం మన హైదరాబాద్ నిమ్స్‌ది. సువర్ణ అల్లాడి గారి బృందం మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఒక్క భాషే వచ్చినవాళ్ల కన్నా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైంది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా ఉంది, అంటే అది బడి చదువు మహిమ కాదు. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే పాతబస్తీ ముసలమ్మకి ఆ నాలుగున్నరేళ్లు ఏ డబ్బా ఇవ్వలేదు, బజారులో బేరమాడటం ఇచ్చింది. తర్వాత వేరే దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నిటిలో ఇదే ఫలితం రాలేదన్న మాట కూడా చెప్పాలి. అయినా మా అత్తగారు డల్లాస్‌లో పుట్టిన మనవరాలితో వచ్చీరాని ఇంగ్లీషులో వీడియో కాల్ మాట్లాడితే నేను ఫోను లాక్కోను.

నిద్ర సరిగా పట్టనివాళ్లకి డాక్టర్లు ఇప్పుడు ముందు చెప్పేది మాత్ర కాదు. 2016లో అమెరికా వైద్యుల సంఘం కూడా మొదట అలవాట్లూ ఆలోచనలూ మార్చే చికిత్సే చెయ్యమంది. రోజూ ఒకే వేళకి లేవడం, పగటి కునుకు తగ్గించడం, నిద్ర రాకపోతే మంచం దిగి కూర్చోవడం, మంచాన్ని నిద్రకి తప్ప దేనికీ వాడకపోవడం. వినడానికి ఉప్పూ కారం లేని పథ్యంలా ఉంటుంది. పైసా ఖర్చు లేదు కాబట్టి దీనికి ప్రకటన ఇచ్చే నాథుడూ లేడు.

ఇందులో ఒక చిక్కుంది, మగవాళ్లెవరూ రాయరు. ఒకే వేళకి పడుకుని ఒకే వేళకి లేచే హక్కు ఇంట్లో ఎవరికుంది? మిరప కోతలప్పుడు కూలికెళ్లే ఆడవాళ్లు నాలుగింటికే లేచి వండి పెట్టి ఆటో ఎక్కుతారు. నా మట్టుకు నేను నీళ్లొచ్చే వేళని బట్టి లేస్తాను, మా అబ్బాయి పరీక్షలని బట్టి పడుకుంటాను, మధ్యలో అత్తగారు "అమ్మాయ్" అంటే లేస్తాను. నలభై దాటాక ఒంట్లో ఆవిర్లు వేరే. మన ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళ ఒక్కతే పద్నాలుగేళ్లు నిద్రపోయింది, అది కూడా మొగుడు ఊళ్లో లేడు కాబట్టి. ఇంటిల్లిపాదికీ మెదడు పదునెక్కాలని బాదంపప్పులు నానబెట్టే మనిషి రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయిందో ఆ ఇంట్లో ఎవరూ లెక్క చూడరు. మరిది తెచ్చిన సీసాల్లో కూడా నా పేరు మీద ఒక్కటీ లేదు. ఉంటే వాడతానని కాదు, ఊరికే చెబుతున్నాను.

ఈ వేసవిలో మా ఇంట్లో చేసిన మార్పులు ఇవి. మెదడు పొడికి కట్టబోయిన డబ్బులకి ఇంకొంచెం కలిపి స్లాబుకి తెల్లటి కూల్ పెయింట్ వేయించాం, అత్తగారి గదికి రెండో కిటికీ కొట్టించాం. టీవీ తొమ్మిదిన్నరకి ఆగిపోతుంది, దాని మీద వారం రోజులు యుద్ధం జరిగింది. రాత్రి అత్తగారు లేస్తే వెళ్లడం సోమ, బుధ, శుక్రవారాలు మా ఆయన వంతు. మొదటి బుధవారం ఆయనకి మెలకువ రాలేదు, ఆమె మూడుసార్లు పిలిచింది, నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. నాలుగోసారికి లేచాడు.